పన్నెండు గంటల ఇరవై ఒక్క నిమిషాలు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఒక్కరికీ అర్థం కాలేదు. వాళ్లనని ఏం లాభం, నాకే ఆర్నెల్లు పట్టింది. ఫలానా ఊరినుంచి ఫలానా ఊరికి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు అని ఎవరైనా ఫోన్లో వెతికితే ఒక పేజీ వస్తుంది చూడండి, ఆ పేజీ రాసేది నేనే. రోజుకి ఆరు పేజీలు, రెండేళ్లలో మూడు వేల నాలుగు వందల జంట ఊళ్లు. పెళ్లిళ్ల పేరయ్య కూడా జన్మలో అన్ని జంటల్ని కలిపి ఉండడు.

రాయడమంటే పెద్ద పనేం కాదు లెండి. రెండు ఊళ్ల మధ్య తిన్నగా ఒక గీత గీస్తే కిలోమీటర్లు వస్తాయి. వాటిని ఎనిమిది వందలతో భాగించాలి. ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఒక అరగంట వేసుకోవాలి. అయిపోయింది, ప్రయాణ సమయం తయారు! ఆ రెండు ఊళ్ల మధ్య అసలు విమానం తిరుగుతోందా అని అడగడం మా ఆఫీసులో మర్యాద కాదు. ఆఫీసు మొత్తంలో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. మా మేనేజరుగారికైతే లిఫ్టు ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. మెట్లెక్కి వస్తారు పాపం, మూడో అంతస్తుకి.

కానీ ఆయనకో సిద్ధాంతం ఉంది. నేను చేరిన మొదటిరోజే కుర్చీ లాక్కుని కూర్చుని మరీ బోధించారు.

"చూడమ్మా, 'పన్నెండు గంటలు' అని రాశావనుకో, ఎవడో నోటికొచ్చింది చెప్పాడనుకుంటారు. అదే 'పన్నెండు గంటల ఇరవై ఒక్క నిమిషాలు' అన్నావనుకో, ఎవరో లెక్కేసి చెప్పారనుకుంటారు. రౌండ్ ఫిగర్ ఎప్పుడూ రాయకు. నమ్మకం అంతా నిమిషాల్లోనే ఉంది."

పేజీ అడుగున నడిచి వెళ్తే ఎన్నాళ్లు పడుతుందో కూడా వెయ్యాలి. గంటకి అయిదు కిలోమీటర్ల చొప్పున, తిండీ నిద్రా లేకుండా.

"సార్, మధ్యలో సముద్రం ఉంది కదా?" అన్నాను.

"నడిచేవాడు చూసుకుంటాడులే" అన్నారు.

ఇంతటి మహత్తర విద్య నేర్చుకున్నదాన్ని ఇంటికెళ్లి ఊరుకుంటానా? కోతలు కోశాను. "ప్రపంచం మొత్తం నా లెక్కలు చూసుకునే బయల్దేరుతుంది నాన్నా" అన్నాను. మా అమ్మ గరిటె ఆపి నా మొహంలోకి ఓసారి చూసి మళ్లీ కలుపుకుంది. ఆవిడ నన్ను కన్నది కాబట్టి నమ్మలేదు. నాన్న నమ్మాడు.

నాన్నది వాచీలు బాగుచేసే కొట్టు. జిరాక్సు కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య, ఇద్దరు మనుషులు ఒకేసారి తుమ్మితే అద్దాలు పగిలేంత జాగా. గోడలనిండా గడియారాలు, ఒక్కటి కూడా అర నిమిషం అటూ ఇటూ ఉండదు. ముప్పై అయిదేళ్లలో ఆయన ఫలానా రోజు ఇస్తానన్న వాచీ ఆ రోజు ఇవ్వకపోవడం అనేది లేదు. ఆలస్యంగా రావడం తప్పు అని అందరూ అంటారు. ముందుగా రావడం కూడా తప్పే అనేవాడు మా నాన్నొక్కడే. పెళ్లిచూపులకి పది నిమిషాలు ముందొచ్చామని వీధి చివర ఎండలో నిలబడ్డ ఘనుడు. అమ్మ కిటికీలోంచి చూసి, ఎవరో పాపం దారి తప్పాడనుకుందిట.

అలాంటి మనిషికి నిమిషాలతో సహా అంకె చూపిస్తే ఏమవుతుంది? నా మొట్టమొదటి పేజీ ఆయన కోసమే రాశాను. మా ఊరినుంచి మా అత్త ఉండే ఊరికి. తొమ్మిది వేల నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు, పన్నెండు గంటల ఇరవై ఒక్క నిమిషాలు, నడిస్తే డెబ్బై తొమ్మిది రోజులు. నాన్న పక్క కొట్లో ప్రింటు తీయించి, అట్ట అంటించి, కొట్లో సరిగ్గా తన కుర్చీకి ఎదురుగా తగిలించాడు. వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. "మా అమ్మాయి కట్టిన లెక్క. మా అక్క ఎంతో దూరంలో లేదండీ, పన్నెండు గంటలే" అనేవాడు.

అత్త అంటే నాన్నకి అక్క మాత్రమే కాదు. వాళ్లమ్మ పోయినప్పుడు నాన్నకి అయిదేళ్లు, అత్తకి పధ్నాలుగు. అన్నం పెట్టి, జడ వేసినంత శ్రద్ధగా తల దువ్వి, బడికి పంపి పెంచింది ఆవిడే. నాన్న కంటికి బిగించుకునే ఆ నల్ల భూతద్దం కూడా ఆవిడ మొదటి జీతంతో కొనిచ్చిందే. తర్వాత ఆవిడ ఓ పెద్ద ఆసుపత్రి లాండ్రీలో పని దొరికి అంత దూరం వెళ్లింది, అక్కడే పెళ్లి చేసుకుంది, అక్కడే ఒంటరిదీ అయింది. పధ్నాలుగేళ్లుగా అక్కా తమ్ముళ్లు ఒకర్నొకరు చూసుకోలేదు. మొదట్లో దూరమని వెళ్లలేదు. నా పేజీ వచ్చాక దగ్గరేగా అని వెళ్లలేదు. నా ఉద్యోగం వల్ల ప్రపంచానికి జరిగిన మేలు అది.

ఇప్పుడు అత్త కళ్లు పోతున్నాయి. ఒకటి ఇదివరకే పోయింది, రెండోది మసక. ఆపరేషన్ చేస్తే చూపు నిలబడొచ్చు, మొత్తానికే పోనూవచ్చు, సగం సగం అన్నాడు డాక్టరు. ఆపరేషన్ వచ్చే నెలలో అన్నారని నాన్న వీసా తెప్పించుకుని డ్రాయర్లో పెట్టుకున్నాడు. శనివారం పొద్దున్న, ఆఫీసుకి వెళ్తూ నేను కొట్లో ఆగి ఉన్నప్పుడు, అత్త ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఈ గురువారమే చేసేస్తారట. కంట్లో ఒత్తిడి ఆగేట్టు లేదంటున్నారు. కత్తి పెట్టేలోగా నీ మొహం ఓసారి చూడాలిరా."

"వీడియోలో చూస్తున్నావుగా అక్కా."

"ఫోన్లో అందరి మొహాలూ ఉడకేసిన బంగాళాదుంపల్లా కనిపిస్తున్నాయి నాకు. నువ్వు రా. దగ్గరగా పెట్టుకుని చూస్తే కనిపిస్తావు."

నాన్న తల ఎత్తి ఎదురుగా గోడమీది అట్ట చూశాడు. వేళ్లమీద లెక్క వేశాడు. బడివాళ్ల పెద్ద గోడగడియారం మంగళవారం సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. బుధవారం పొద్దున్న ఆరింటికి బయల్దేరితే పన్నెండు గంటల ఇరవై ఒక్క నిమిషాలు, అక్కడి టైము మనకన్నా నాలుగు గంటలు వెనక.

"బుధవారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై ఒక్క నిమిషాలకి దిగుతానక్కా. అమ్మాయి లెక్క."

"అయితే రెండుంబావుకి టీ నీళ్లు పొయ్యిమీద పెడతా" అంది అత్త.

ఫోన్ పెట్టేసి నాతో, "టిక్కెట్టు నువ్వే చూడవే. ఆ డిపార్టుమెంటు నీదేగా" అన్నాడు.

ఆఫీసుకి వెళ్లి, జీవితంలో మొదటిసారి, నేను రాసిన ఊళ్ల మధ్య నిజంగా విమానాలు వెతికాను. నేరుగా వెళ్లే విమానం లేదు, ఎప్పుడూ లేదట. మొదటి విమానం నాలుగు గంటలు. దిగి తొమ్మిది గంటలు పడిగాపులు. రెండోది పది గంటలు. మళ్లీ ఆరు గంటలు పడిగాపులు. ఆ తర్వాత రెండు గంటలు ఎగిరే చిన్న విమానం ఒకటి, అది వారానికి మూడే రోజులు, సోమ, బుధ, శుక్ర. మొత్తం ముప్పై ఒక్క గంటలు. సోమవారం విమానం అందుకోవాలంటే ఆదివారం తెల్లవారుజామున ఇల్లు వదలాలి. అది తప్పితే మంగళవారం తెల్లవారుజామున. నాన్న అనుకున్నట్టు బుధవారం బయల్దేరితే అత్తని చేరేది శుక్రవారం, కంటికి కట్టు కట్టేశాక.

ఇందులో తికమక ఏమీ లేదు. ఆ నిమిషమే కొట్టుకి ఫోన్ చేసి, "నాన్నా, రేపే బయల్దేరాలి" అనాలి. ఒక్క వాక్యం. ఆయన అప్పుడు "ఎందుకే?" అంటాడు. దానికి జవాబే నా దగ్గర లేదు. "ఎందుకంటే రెండేళ్లుగా నీ గోడమీద వేలాడుతున్నది కాకిలెక్క" అని ఎలా చెప్పను? ఫోన్ తీశాను, పెట్టేశాను. అప్పటికి నాలుగు పేజీలే అయ్యాయి, ఇంకా రెండు జంటలు కలపాలి. ఛీ, కలిపాను కూడా. చూడండి నా తెలివి!

ఇంటికెళ్లి అబద్ధాలతో మొదలుపెట్టాను. "బుధవారం విమానం నిండిపోయింది నాన్నా, కాస్త ముందే వెళ్తే పోలా?" అన్నాను.

"నిండిపోతే ఇంకోటి చూడు. ఆకాశంలో ఒక్కటే బస్సు తిరుగుతుందా ఏంటి?"

"ముందే వెళ్తే అత్తకి తోడుగా ఉంటావు కదా."

"బడివాళ్లకి మంగళవారం అన్నానే. పిల్లల పరీక్షలట. మాటిచ్చి ఎలా ఎగ్గొట్టను? టైము సరిపోతోందిగా."

ఆదివారమంతా ఆయన పెట్టె సర్దుకున్నాడు, నేను నీళ్లు నమిలాను. అత్తకి ఇద్దామని ఒక చేతివాచీ తయారుచేశాడు. అంకెలు పెద్దవి, పైన అద్దం తీసేస్తే వేలితో తడిమి టైము తెలుసుకోవచ్చు. "ఒకవేళ చూపు రాకపోతే" అన్నాడు, అని ఆ మాట మింగేసి, "ఊరికే, సరదాకి" అన్నాడు. నాకు అక్కడే నేలలోకి కూరుకుపోవాలనిపించింది. అయినా నోరు తెరవలేదు. ఆ మధ్యాహ్నం వంటింట్లో అమ్మ నన్ను పట్టుకుంది.

"ఏం చేశావే?"

"ఏం చెయ్యలేదు."

"చిన్నప్పుడు కుండీ పగలగొట్టి మంచంకింద దాక్కున్న మొహమే ఇది. నాకు తెలీదూ? నాకు చెప్పక్కర్లేదు. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పి చావు."

సోమవారం పొద్దున్నే ఆఫీసుకి బదులు కొట్టుకి వెళ్లాను. నాన్న భూతద్దం కంటికి బిగించుకుని బడి గడియారం వెనక మూత తీసి కూర్చున్నాడు.

"నాన్నా, ఆ అట్టమీదున్నది తప్పు."

"ఏ అట్ట?"

"గోడమీదది."

"అది నువ్వు రాసిందేగా."

"అందుకే చెప్తున్నా."

అంతా చెప్పాను. భాగహారం, అరగంట, మూడు విమానాలు, ముప్పై ఒక్క గంటలు. వింటున్నంతసేపూ ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కదల్లేదు. అయిపోయాక భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. కంటిచుట్టూ గుండ్రంగా ఎర్రటి గుర్తు.

"మరి ఆ ఇరవై ఒక్క నిమిషాలు ఎక్కడివే?"

"కాలిక్యులేటరువి."

"ఎవరూ ప్రయాణం చేసి చూడలేదా?"

"లేదు నాన్నా."

"ఒక్కరు కూడానా?"

తిడితే బాగుండుననిపించింది. తిట్టడానికి ఆయనకి తీరికేది, ఇంకో లెక్కలో ఉన్నాడు.

"నీకిది ఎప్పుడు తెలిసింది?"

"శనివారం."

"ఇవాళ సోమవారం" అన్నాడు. గోడమీది గడియారాలన్నీ ఒకేసారి తొమ్మిది కొట్టాయి. ఆ ఇరుకు కొట్లో అన్ని గడియారాలు తొమ్మిదేసి సార్లు కొట్టడానికి ఎంతసేపు పడుతుందో నాకా రోజు తెలిసింది. అవి ఆగాక ఆయన లేచి అట్ట తీసి, నలపకుండా, చింపకుండా, అంకెలున్న వైపు గోడకి తిప్పి మళ్లీ అదే మేకుకి తగిలించాడు. "బడికెళ్లి చెప్పు, గడియారం నేనొచ్చాకే ఇస్తానని. క్షమించమన్నానని చెప్పు" అన్నాడు. ముప్పై అయిదేళ్లలో మొదటిసారి.

బడికెళ్లాను. హెడ్ మిస్ట్రెస్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, కుటుంబం పరువంతా ఒక్కసారే అప్పగిస్తున్నదానిలా విషయం చెప్పాను. ఆవిడ నవ్వేశారు.

"దానికేముందమ్మా, నిదానంగా ఇవ్వమనండి. పరీక్షలు పై నెలలో కదా. మీ నాన్నగారు 'ఏ రోజుకి కావాలి, రోజు చెప్పండి' అని ఒకటే పట్టుపడితే నోటికొచ్చి మంగళవారం అన్నాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఊళ్లో నోటికొచ్చిన అంకెలు చెప్పేది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. దాచడం తప్పని అప్పుడే కదా నేర్చుకుంది అంటారా? అవును, కానీ ఇది మాత్రం దాచాను, ఇప్పటికీ దాచే ఉంచాను.

మంగళవారం తెల్లవారుజామున నాన్న వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర నా తలమీద చెయ్యి వెయ్యబోయి, పెట్టె హ్యాండిల్ సరిచేసుకున్నాడు. వేసి ఉంటే అక్కడే భోరుమనేదాన్ని.

అనుకున్నట్టు జరిగితే బుధవారం పొద్దున్న పదింటికి అక్కడ దిగాలి, అత్తతో దాదాపు రోజంతా గడపాలి. ఎందుకు జరుగుతుంది? పొగమంచని చిన్న విమానాన్ని ఆపేశారు. "రేపు పొద్దున్నే పంపిస్తార్ట" అని ఆ విమానాశ్రయం బెంచీమీదనుంచి ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అలసట కూడా లేదు. చిన్నపిల్లాడు బడి బయట అక్క కోసం చూస్తుంటాడే, అలా ఉంది. పెట్టేసే ముందు, "శనివారం చెప్పి ఉంటే సోమవారానికల్లా అక్కడుండేవాణ్ణి కదే" అన్నాడు. తిట్టలేదు, లెక్క చూసుకున్నాడంతే. అవును నాన్నా, మూడు రోజులు. నా పరువు కోసం నీ మూడు రోజులు నేను తినేశాను.

గురువారం అత్తని థియేటర్లోకి తీసుకెళ్లబోయే ముందు చేరాడు.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. చూపు రాలేదు.

ఆ తర్వాతి వారం అత్తే ఫోన్ చేసింది. నాకు ఏడుపు ఒక్కటే వచ్చింది.

"ఎందుకే ఏడుస్తావు? ఏడవాల్సింది నేను. ఎంత అందగాణ్ణి పంపాను నేను పెళ్లికి! వచ్చినవాడేమో బట్టతల, బానపొట్ట, కంటిచుట్టూ ఆ గుర్తొకటి. ఇలా తయారైపోయాడని ఒక్కళ్లైనా చెప్పారా నాకు?" అని నవ్వింది. తర్వాత, "చెవి పక్కన ఆ మచ్చ అలాగే ఉందే. నేనే దువ్వెనతో గీరాను వాడికి. చూశాలే. దగ్గరగా పెట్టుకుని చూశా" అంది.

నాన్న నెల్లాళ్లు అక్కడే ఉండి వచ్చాడు. వచ్చిన మర్నాడు బడి గడియారం పూర్తిచేసి పంపించాడు. ఆ తర్వాత గోడమీది అట్ట దింపి, ఎదురుగా ఉన్న తెల్లటి వైపున తన చేతిరాతతో రాసి తగిలించాడు. ఇంటి గుమ్మంనుంచి మొదటి విమానం, అక్కడ పడిగాపులు, రెండోది, బెంచీ, పొగమంచు, మూడోది, టాక్సీ, ఆసుపత్రి మెట్లు, ప్రతిదానికీ ఎదురుగా పట్టిన సమయం. ఇంటినుంచి అక్క మంచం దాకా యాభై అయిదు గంటల ఆరు నిమిషాలు. దానికింద గీత గీసి ఆఖరి వరుస:

అక్క నన్ను చూసింది: 40 నిమిషాలు.

"ఎలా తెలుసు నాన్నా, వాచీ చూసుకున్నావా?" అని అడిగాను.

"గదిలోకి వెళ్లేప్పుడు గోడగడియారం చూశా. ఆవిణ్ణి తీసుకెళ్లిపోయాక చూశా. మధ్యలో చూడలేదు" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో నా మొట్టమొదటి పేజీ తెరిచాను. కాకిలెక్క మొత్తం తుడిచేసి, అట్టమీద ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఎక్కించాను, ఆఖరి వరుసతో సహా. మధ్యాహ్నానికల్లా మేనేజరుగారు మెట్లమీది ఆయాసంతోనే నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డారు. పేజీ మొత్తం చదివారు. కేకలు వేస్తారనుకున్నాను. వెయ్యలేదు.

"బాగుందమ్మా, కొత్తగా ఉంది. యాభై అయిదు గంటల ఆరు నిమిషాలు, భేష్. ఉంచు" అన్నారు. తర్వాత వంగి ఆఖరి వరుసమీద వేలు పెట్టారు. "ఇదొక్కటే బాలేదు. నలభై అంటే రౌండ్ ఫిగర్ కదా, ఎవరూ నమ్మరు. నలభై మూడు చెయ్యి."

నేను మార్చలేదు. సంచీ తీసుకుని, ఆయన ఎక్కొచ్చిన మెట్లే దిగి, కొట్టుకి వెళ్లాను. నాన్న భూతద్దం కంటికి బిగించుకుని ఉన్నాడు. తల ఎత్తకుండానే, "ఇవాళ తొందరగా వచ్చేశావే" అన్నాడు.